రిపేరుకు వెళ్లే చాకు: హైదరాబాదు నుంచి కంపెనీకి పంపే పద్ధతి

మా మామయ్య దగ్గర ఎర్రపిడి మడత చాకు ఒకటి ఉండేది, బ్లేడుతో పాటు కత్తెర లాంటి పనిముట్లు కూడా పిడిలోకి మడతపడే స్విస్ చాకు. దుబాయ్‌లో పనిచేసే రోజుల్లో కొన్నది. మలక్‌పేట ఇంట్లో మామిడికాయ కోయడం దగ్గర్నుంచి ప్లగ్గు స్క్రూలు బిగించడం దాకా అన్నీ దాంతోనే. పిడి మీద కాంపస్ ముల్లుతో తన పేరులో మొదటి అక్షరం గీసుకున్నారు. ఓ రోజు కత్తెర విరిగింది, పిడి తొడుగు మూల పగిలింది. "నేను పంపిస్తాలెండి" అని గొప్పగా తీసుకెళ్లి కంపెనీకి పంపాను. నెల దాటాక తిరిగొచ్చింది. కత్తెర కొత్తది, తొడుగులు కొత్తవి, తళతళలాడుతోంది. మామయ్య అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. ఇంతకీ ఇదెవరిది?" అన్నారు.

ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. పగిలిన తొడుగు తీసేసి కొత్తది వేయడం వాళ్ల పని. పాత తొడుగులు అలాగే ఉంచండి, లేదా తీసినవి వెనక్కి పంపండి అని ఒక్క ముక్క రాయాల్సింది నేను. రాయలేదు. అందుకే పెట్టె, టేపు, పోస్టాఫీసు సంగతులకన్నా ముందు ఒకటి తేల్చుకోవాలి.

మొదట తేల్చుకోవలసింది: ఆ చాకే కావాలా, పనిచేసే చాకు కావాలా?

రెండూ ఒకటి కాదు. ఇలాంటి ఎర్రపిడి చాకులు చేసే స్విస్ కంపెనీ విక్టోరినాక్స్ తన చాకులకు జీవితకాలం గ్యారంటీ ఇస్తుంది. అయితే అది ముడిసరుకులో, తయారీలో ఉన్న లోపాలకే. వాడకంతో వచ్చే అరుగుదలకు, దుర్వినియోగానికి వర్తించదు. బ్లేడుతో పెయింటు డబ్బా మూత లేపబోయి మొన విరగ్గొడితే అది మన ఖాతాలోనే పడుతుంది. పట్టకారుతో ఉండే మడత పనిముట్లు చేసే అమెరికా కంపెనీ లెదర్‌మన్ గ్యారంటీ 25 ఏళ్లు. రిపేరు చేయాలా, దాని బదులు వేరేది ఇవ్వాలా అనేది కంపెనీ ఇష్టం. పాత మోడల్‌కు విడిభాగాలు లేకపోతే దాదాపు అలాంటిదే కొత్తది ఇచ్చే వీలుంది. చాలామందికి అది పండగే. నాన్నగారి గుర్తు, తాతగారి గుర్తు అనుకునేవాళ్లకు మాత్రం కాదు.

మీది రెండో రకమైతే, చిన్న లోపంతోనే వాడుకోవడం మంచిదేమో ఆలోచించండి. నా మటుకు నేను కత్తెర లేకపోయినా ఫర్వాలేదు, గీసుకున్న అక్షరం ఉండాలి అనేవాళ్ల పక్షమే. ఆలస్యంగా చేరాననుకోండి.

తర్వాత: అది ఇంట్లో అయ్యే పనేమో చూడండి

కంపెనీకి పంపాలనుకునే చాకుల్లో చాలావాటికి అసలు రోగం మురికే. జేబులోని దారపు పోగులు, మామిడి రసం, కొబ్బరి పొడి కీలులో చేరి గట్టిపడతాయి. "స్ప్రింగు పోయింది" అనుకుంటాం. గోరువెచ్చని నీళ్లలో ఉంచి, నీళ్లలోనే పదిసార్లు తెరిచి మూయండి. పాత టూత్‌బ్రష్‌తో కీళ్లు రుద్దండి. బాగా ఆరబెట్టి, బ్లేడు, స్ప్రింగు కలిసే చోట ఒక్క చుక్క నూనె వేయండి. విక్టోరినాక్స్ చెప్పే పద్ధతి కూడా ఇంచుమించు ఇదే.

ఏ నూనె? కొబ్బరినూనె మాత్రం వద్దు. 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే నూనె అది. డిసెంబరులో మన బాత్రూమ్‌లో సీసా ఎలా అవుతుందో, చాకు కీలు లోపలా అంతే. వంటనూనెలు కొన్నాళ్లకు జిగురవుతాయి. పళ్లు కోసే చాకైతే మెడికల్ షాపులో లిక్విడ్ పారఫిన్ అడగండి. మలబద్ధకానికి ఇచ్చే మందే కాబట్టి నోట్లోకి వెళ్లినా భయం లేదు. షాపువాడు మీవైపు కాస్త జాలిగా చూస్తాడు, పట్టించుకోకండి. పళ్ల జోలికి వెళ్లని చాకుకు కుట్టుమిషను నూనె చాలు.

పిడిలో దూర్చి ఉండే దంతపుల్ల, చిమటా (చిన్న పట్టకారు) పోయాయా? అవి విడిగా దొరుకుతాయి, వాటికోసం చాకు పంపనక్కర్లేదు. కత్తెర చేతుల మధ్య ఉండే చిన్న స్ప్రింగు రేకు కూడా విడిభాగమే. చేయి తిరిగినవాళ్లు ఇంట్లోనే మార్చుకుంటారు. కానీ పిడి లోపలి రివెట్లు కొట్టి చాకు మొత్తం విప్పడం మొదలుపెడితే మాత్రం గ్యారంటీ మాట మరిచిపోవాలి.

పదును తగ్గిందని పంపేవాళ్లూ ఉన్నారు. పదును పోవడం లోపం కాదు, వాడకం. అలాగని వీధిలో సైకిల్ చక్రం తొక్కుతూ సాన పట్టేవాళ్లకు ఇవ్వకండి. బక్రీద్ ముందు పెద్ద కత్తులకు వాళ్ల చేయి అద్భుతమే. ఈ సన్నని బ్లేడును మాత్రం ఆ చక్రం నాలుగు తిప్పుల్లో సగం తినేస్తుంది, పైగా నిప్పురవ్వలు లేచేంత వేడికి అంచు మెత్తబడుతుంది. స్విస్ చాకు ఉక్కు మరీ గట్టిది కాదు, గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 56 చుట్టుపక్కల ఉంటుంది. సన్నరకం సానరాయి మీద ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల వాలులో నెమ్మదిగా రుద్దితే తేరుకుంటుంది. రాయి లేకపోతే ఇరానీ చాయ్ కప్పు బోర్లించండి. అడుగున మెరుపు లేని గరుకు వలయం ఉంటుంది కదా, దాని మీద పది గీతలు గీయండి. టమాటా తొక్క తెగే పదును వస్తుంది.

ఇన్ని చేశాక కూడా స్ప్రింగు విరిగిందనో, బ్లేడు పట్టు లేకుండా ఊగుతోందనో, లాకు పడటం లేదనో తేలితే అప్పుడు పంపాల్సిందే. లాకు పడని చాకును ఈలోపు వాడకండి. వేళ్ల మీదికి మూసుకుంటుంది.

అసలుదేనా?

బ్లేడు మొదట్లో, పిడికి దగ్గరగా అక్షరాలు చెక్కి ఉంటాయి. విక్టోరినాక్స్ అయితే సాధారణంగా కంపెనీ పేరు, స్విస్ మేడ్ లాంటి మాట కనబడతాయి. ఉత్త "స్టెయిన్‌లెస్" అని మాత్రమే ఉండి, పిడి మీద శిలువ గుర్తు ఉంటే అనుమానించండి. జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టలో నేను ఏరుకున్న రెండు చాకుల్లో రెండూ అలాంటివే. ఉల్లిపాయలకు పనికొస్తున్నాయి, పంపడానికి పనికిరావు. వెంగర్ అనే మరో స్విస్ కంపెనీ పేరు ఉంటే అది అసలుదే కావచ్చు. 2005లో ఆ కంపెనీని విక్టోరినాక్స్ కొనేసింది. ఆ పేరుతో ఉన్న పాత చాకైతే పంపే ముందే ఫొటో పెట్టి అడగండి.

ముందు ఉత్తరం, తర్వాత పార్సిల్

నేరుగా విక్టోరినాక్స్ ఉన్న స్విట్జర్లాండ్‌లోని ఈబాఖ్‌కో, లెదర్‌మన్ ఉన్న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కో కట్టి పంపేయాలని ఉబలాటపడకండి. విక్టోరినాక్స్‌కు మన దేశంలోనే సొంత సంస్థ ఉంది. మిగతా పెద్ద కంపెనీలు చాలావరకు ఏ దేశపు వినియోగదారులు ఆ దేశపు పంపిణీదారు ద్వారా రావాలంటాయి. కంపెనీ అధికారిక వెబ్‌సైట్‌లో సర్వీసు పేజీ చూసి, అక్కడున్న ఈమెయిల్‌కు మూడు ఫొటోలతో రాయండి. ఏ చిరునామాకు పంపాలి, ఫారం ఏదైనా ఉందా, గ్యారంటీ కిందకు రాకపోతే ఖర్చు ముందే చెబుతారా, తిరుగు పోస్టు ఖర్చు ఎవరిది. ఈ నాలుగూ అడగండి. జవాబు వచ్చేదాకా చాకు ఇంట్లోనే ఉండనివ్వండి. ఎక్కడో పాత పోస్టులో దొరికిన అడ్రసుకు పంపితే, ఆఫీసు మారిపోయి పార్సిల్ ఊళ్లు తిరిగి వస్తుంది.

ఫొటోలు, చీటీ

చాకు పంపే రోజు ఆనాటి పేపరు మీద పెట్టి ఫొటోలు తీయండి. మూసి రెండు వైపులా, తెరిచి రెండు వైపులా, పాడైన భాగం దగ్గరగా, బ్లేడు మీది అక్షరాలు, పిడి మీద మీ గుర్తులేమైనా ఉంటే అవీ. తేదీ కనబడాలి. వంటింటి తూకం ఉంటే బరువు చూసి రాసుకోండి.

పెట్టెలో పెట్టే చీటీ ఇంగ్లీషులో రాయండి. ముంబయిలోనో ఇంకెక్కడో అది చదివే మనిషికి తెలుగు రాకపోవచ్చు. "రిపేరు చేయండి" అంటే సరిపోదు. పది పనిముట్లున్న చాకులో దేని సంగతి అని వాళ్లెలా కనిపెడతారు? ఈ తరహాలో రాయండి: "కత్తెర రెండో చేయి విరిగింది. పెద్ద బ్లేడు తెరిచాక అటూ ఇటూ ఊగుతోంది. మిగతావి బాగున్నాయి. బ్లేడుకు సాన పట్టవద్దు. పిడి తొడుగులు మార్చవద్దు. మార్చక తప్పకపోతే పాతవి నాకు తిరిగి పంపండి. ఇదే చాకు రిపేరు కాదనుకుంటే, బదులు ఇచ్చే ముందు నాకు చెప్పండి. డబ్బు కట్టాల్సి వస్తే పని మొదలుపెట్టే ముందు ఎంతో రాయండి." కింద పేరు, పూర్తి చిరునామా, పిన్‌కోడ్, ఫోన్, ఈమెయిల్. పాడైన పనిముట్టుకు చిన్న దారం కట్టి ఉంచితే ఇంకా మంచిది.

తొడుగుల గురించి, బదులు గురించి ఉన్న ఆ వాక్యాలను పెద్ద అక్షరాల్లో రాయండి. కారణం మొదట్లోనే చెప్పాను.

కట్టడం

కడిగి, తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి. వానాకాలంలో తడి చాకును ప్లాస్టిక్‌లో చుట్టి పంపితే చేరేసరికి తుప్పు మరకలతో చేరుతుంది. దంతపుల్ల, చిమటా తీసి ఇంట్లో ఓ డబ్బీలో దాచండి. తోలు తొడుగు, తాళాల రింగు, గొలుసు అన్నీ తీసేయండి. రిపేరుకు వాటి అవసరం లేదు, పోయేవి మొదట అవే. చిన్న లైటున్న మోడల్ అయితే లోపలి బ్యాటరీ తీయండి. విమానంలో వెళ్లే సరుకులో చాకు కన్నా బ్యాటరీతోనే గొడవ ఎక్కువ.

చాకు మూసి, ముందు మామూలు కాగితంతో చుట్టి, ఆ కాగితం మీద టేపు వేయండి. టేపు నేరుగా పిడికి తగలకూడదు, జిగురు వదలదు. రబ్బరు బ్యాండు కూడా వద్దు. మన ఎండకు కరిగి అతుక్కుంటుంది.

బ్లేడు మూతపడని చాకైతే శుభలేఖ వెతకండి. ప్రతి ఇంట్లో పది ఉంటాయి, ఇంతకన్నా మంచి అట్ట దొరకదు. దాన్ని బ్లేడు పొడవుకు మడిచి, ఒర లాగా చేసి, అంచులు, మొన వైపు మూసేలా టేపు వేయండి. మొన దగ్గర రెండు మడతలు ఎక్కువ ఉండాలి. పార్సిల్ మోసేవాడు దాన్ని ఎలా పట్టుకున్నా, ఎలా విసిరినా మొన బయటికి రాకూడదు. పరీక్ష చేయడం సులువు. బొటనవేలితో మొన ఉన్న చోట నొక్కి చూడండి, గుచ్చుకునే భావనే రాకూడదు.

ఆపైన బబుల్ ర్యాప్ రెండు చుట్లు, ఆపైన గట్టి అట్టపెట్టె. కవరులో పంపకండి. సార్టింగులో కవరు నలుగుతుంది, చాకు దాన్ని చీల్చుకుని బయటపడుతుంది. నేను ఉస్మానియా బిస్కెట్ల పెట్టె వాడాను. కొలత సరిగ్గా కుదిరింది కానీ లోపలి బిస్కెట్ పొడికి చీమలు పట్టాయి, దులపాల్సి వచ్చింది. ఖాళీలో న్యూస్‌పేపరు ఉండలు కుక్కండి. ఊపితే చప్పుడు రాకూడదు. మా చిన్నప్పుడు పార్సిలంటే తెల్లగుడ్డలో పెట్టి కుట్టి లక్క ముద్ర వేసేవారు. ఇప్పుడు బ్రౌన్ టేపు చాలు. పెట్టె లోపల ఇంకో కాగితం మీద రెండు చిరునామాలూ రాసి పెట్టండి. పైన లేబుల్ చినిగిపోయినా పార్సిల్ దారి తప్పదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: పెట్టెను ఇంట్లోనే పూర్తిగా మూసేయకండి. టేపు, కత్తెర సంచిలో వేసుకుని వెళ్లండి.

కౌంటరు దగ్గర

చాకు పోస్టులో వెళ్తుందా అని అందరూ భయపడతారు. 1898 నాటి పోస్టాఫీసు చట్టం "సరిగా రక్షణ లేని పదునైన వస్తువు" పంపకూడదని చెప్పేది. రక్షణ లేని అన్నమాట గమనించండి. ఆ చట్టం పోయి, 2023 నాటి కొత్త చట్టం 2024 జూన్‌లో అమల్లోకి వచ్చింది. అయినా కౌంటరులో మనిషి చూసేది ఇప్పటికీ అదే, గుచ్చుకుంటుందా లేదా అని. ఆయుధాల నిబంధనల్లో కత్తుల ప్రస్తావన 9 అంగుళాల కన్నా పొడవైన లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడుల గురించి. అందులోనూ ఇంటి పనులకు, వ్యవసాయానికి చేసినవి వేరు. జేబులో పట్టే మడత చాకు ఆ దరిదాపుల్లోకి రాదు. బటన్ నొక్కితే తెరుచుకునే స్ప్రింగు కత్తుల సంగతి వేరు, అవి పోస్టులో వేయాలనే ఆలోచనే వద్దు.

అబిడ్స్ జీపీఓకు వెళ్తుంటే నాంపల్లి మెట్రో దగ్గర కదా అని మెట్రో ఎక్కకండి. స్టేషన్‌లో బ్యాగు స్కానరులో చాకు కనబడితే వాళ్లకు మీరు, మీకు వాళ్లు వివరించుకునే టెన్షన్ ఎందుకు? బస్సులోనో, బండి మీదో వెళ్లండి. పార్సిల్ సంచిలోనే ఉండాలి, జేబులో కాదు. గణేశ్ నిమజ్జనం రోజుల్లో, బందోబస్తు ఉన్న రోజుల్లో ఆ పని వాయిదా వేయండి.

కౌంటరులో లోపల ఏముంది అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి: "వాడిన మడత చాకు సార్, రిపేరుకు కంపెనీకి పంపుతున్నాను." పెట్టె తెరిచే ఉంది కాబట్టి చూపించండి, కంపెనీ ఈమెయిల్ ప్రింటు చూపించండి, ఆయన తల ఊపాక అక్కడే టేపు వేయండి. ఐదు నిమిషాల పని. నేను మొదటిసారి ఓ కొరియర్‌లో "గిఫ్టు ఐటమ్" అని రాయించాను. ఎక్కడో స్కానింగ్‌లో పట్టుకుని, విప్పి, పది రోజులకు వెనక్కి పంపారు. పెట్టె నలిగింది, లోపలున్న తాళాల రింగు లేదు. అడగడానికి నాకు నోరు ఎక్కడిది? అబద్ధం రాసింది నేనే. ప్రైవేటు కొరియర్లకు ఎవరి నిషేధ జాబితా వాళ్లది. చాలామంది కత్తి అనగానే వద్దంటారు. అందుకే ముందే ఫోను చేసి అడగండి. ఒప్పుకుంటే రసీదు మీద సరుకు పేరు సరిగ్గా రాయించండి.

నేను స్పీడ్ పోస్టునే ఎంచుకుంటాను. 2025లో రిజిస్టర్డ్ పోస్టును అందులోనే కలిపేశారు కాబట్టి పాత అలవాటుతో "రిజిస్టర్ చేయండి" అంటే అదనపు సేవగా చేస్తారు. విలువైన చాకైతే ఇన్సూరెన్సు అడగండి. లేకపోతే పోయినా దక్కే పరిహారం చాకు ఖరీదుకు ఏ మూలకూ రాదు. బరువు సంగతీ చూసుకోండి. స్విస్ చాకుల్లో చిన్న క్లాసిక్ 20 గ్రాముల పైచిలుకు, స్పార్టన్ 60 గ్రాముల దగ్గర, అదే లెదర్‌మన్ వేవ్ ఒక్కటే 241 గ్రాములు. పెట్టె, కాగితాలు కలిస్తే దాని చార్జీ వేరు. రసీదు ఫొటో వెంటనే తీయండి, ఆ కాగితం మీది అక్షరాలు నెల తిరిగేసరికి వెలిసిపోతాయి.

"ముంబయి వెళ్తున్నాడు కదా, తమ్ముడి చేతికిద్దాం" అనే ఆలోచన మంచిదే. కానీ విమానమైతే చెకిన్ లగేజీలోనే పెట్టమనండి. చేతి సంచిలో పెడితే శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ చేసే సీఐఎస్ఎఫ్‌వాళ్ల పెట్టెలోకి వెళ్తుంది, ఇక తిరిగి రాదు.

విదేశానికే పంపాల్సి వస్తే

ఇక్కడ ఎవరూ లేని కంపెనీ అయితే తప్ప ఈ తంటా పడకండి. కస్టమ్స్ ఫారంలో వాడిన మడత చాకు, రిపేరు కోసం, అమ్మకానికి కాదు, తిరిగి వస్తుంది అని స్పష్టంగా రాయాలి. మడత కత్తులకు కస్టమ్స్ వర్గం 8211 93. ఫారం నకలు, రసీదు, కంపెనీ ఈమెయిల్ మూడూ జాగ్రత్త చేయండి. రిపేరుకు వెళ్లి వచ్చే సరుకు మీద సుంకం మొత్తం విలువకు కాకుండా రిపేరు ఖర్చు, రానుపోను రవాణా, ఇన్సూరెన్సుల మీదే లెక్కించే వెసులుబాటు మన కస్టమ్స్‌లో ఉంది. అయితే వెళ్లిందీ వచ్చిందీ ఒకే చాకు అని మీరే చూపించాలి. బదులుగా కొత్తది వస్తే ఈ లెక్క చిక్కుల్లో పడుతుంది. అమెరికాకైతే పంపే ముందు పోస్టాఫీసులో కనుక్కోండి. 2025 ఆగస్టులో అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపేసి, అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టారు.

తిరిగొచ్చాక

ట్రాకింగ్‌లో చేరినట్టు కనబడిన రోజే కంపెనీకి ఓ లైను రాయండి. రెండు వారాలు జవాబు లేకపోతే మళ్లీ రాయండి, మర్యాదగానే. ఖర్చు లెక్క వస్తే ఫోనులో సరే అనకుండా ఈమెయిల్‌లో ఒప్పుకోండి.

పార్సిల్ విప్పేటప్పుడు ఎవరినైనా ఫోనులో వీడియో తీయమనండి. ప్రతి పనిముట్టూ తెరిచి మూయండి. మంచి స్ప్రింగు ఉన్న చాకు తెరుచుకునేటప్పుడూ మూసుకునేటప్పుడూ "టక్" మంటుంది. ఆ చప్పుడు లేకుండా మెత్తగా జారితే పని పూర్తి కానట్టే. మూసినప్పుడు బ్లేడు పక్క రేకులకు రాసుకోకూడదు. లాకు ఉంటే తెరిచి, బ్లేడు వెనక భాగాన్ని చెక్క మీద మెల్లగా తట్టి చూడండి, వేళ్లు దారికి అడ్డం లేకుండా. ఫొటోలతో పోల్చి గీతలు, గుర్తులు సరిచూడండి. తేడా ఉంటే అదే రోజు రాయండి.

అన్నీ బాగుంటే లిక్విడ్ పారఫిన్ ఓ చుక్క. డబ్బీలో దాచిన దంతపుల్ల, చిమటా తీసి వాటి గూళ్లలో దూర్చండి. కొత్త తొడుగులైతే కాస్త బిగువుగా ఉంటాయి, వారం పోతే సర్దుకుంటాయి. మా మామయ్య మాత్రం మర్నాడు పొద్దున్నే మనవడి జామెట్రీ బాక్సు తెప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని, కొత్త పిడి మీద మళ్లీ అక్షరం గీయడానికి కూర్చున్నారు.